జారిపడ్డానండీ

2020 ఏప్రిల్ నెలాఖరు. లాక్‌డౌన్ మొదలై నెల దాటింది. ఆవకాయ రోజులు. కారం పట్టించడానికి డాబా మీద ఎండబెట్టిన మిరపకాయలు తేవడానికి మా అత్తగారు పైకెళ్ళారు. నేను తెస్తానంటే వినరు కదా. మబ్బు పట్టిందని గబగబా దిగబోయి, ఆఖరి రెండు మెట్ల దగ్గర కాలు జారి బోర్లా పడ్డారు. ఎడమ చెంప మెట్టు అంచుకి కొట్టుకుంది.

గంట తిరిగేసరికి కన్ను మూసుకుపోయేంత వాపు. అదంతా ఒక ఎత్తైతే, "పై పెదవి నాది కానట్టుందే అమ్మాయ్, కాఫీ తాగుతుంటే తెలియడం లేదు" అన్నారు. దానితో భయమేసింది. పక్షవాతమేమో అనుకున్నాం. పోలీసులకి చీటీ చూపించి, ఖాళీ రోడ్ల మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎప్పుడూ అరగంట పట్టే దారి తొమ్మిది నిమిషాల్లో వెళ్ళామని మావారు ఇప్పటికీ చెప్తారు.

స్కాన్ తీశారు. చెంప ఎముక చిట్లిందట. పక్కకి జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. పెదవి మొద్దుబారడానికి కారణం, కంటి కింద ఎముకలోంచి పెదవికి వెళ్ళే నరం నలగడమట. కొన్ని వారాలు మెత్తటి తిండి, ఆ వైపు ఒత్తిగిలి పడుకోకూడదు, ముక్కు చీదకూడదు. ఇదంతా చెప్పింది ఒక కుర్ర డాక్టరమ్మ. తల నుంచి కాలి వరకు ఆ తెల్ల ముసుగులో కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. చెప్పడం అయ్యాక మా ఇద్దర్నీ చూసి, "మీరు కాసేపు బయట కూర్చోండి" అంది. కరోనా వల్ల కాబోలనుకుని బయటికి వచ్చేశాం.

కారెక్కాక అత్తగారు నవ్వుతున్నారు. నవ్వితే నొప్పి, అయినా నవ్వుతున్నారు. "ఆ పిల్ల ఏమడిగిందో తెలుసా? ఇంట్లో ఎవరైనా కొట్టారా అమ్మా, భయపడకుండా చెప్పండి, అని. ఒకసారి కాదు, రెండుసార్లు."

మావారి మొహం మాడిపోయింది. నాకూ చివుక్కుమంది. మా ఇల్లు చూస్తే అలా కనిపిస్తోందా? అరవై ఎనిమిదేళ్ళ ఆవిణ్ణి ఎవరు కొడతారు, నేనా? ఆ రాత్రి అంట్లు తోముతూ కూడా అదే ఆలోచన. ఎంత ధైర్యం ఆ పిల్లకి!

ఆ కోపమే నా చేత చదివించింది. లాక్‌డౌన్‌లో మీరంతా కొత్త వంటలు నేర్చుకుంటే, నేను విరిగిన మొహాల గురించి చదువుతూ కూర్చున్నానన్నమాట. చదివేకొద్దీ కోపం తగ్గి ఇంకేదో మొదలైంది. అదే ఇవాళ మీతో చెప్పుకోవాలని.

మొహం ఎముకలు విరగడమన్నది మనిషి పుట్టినప్పటి నుంచీ ఉంది. ఈజిప్టులో దొరికిన ఒక పాత వైద్యపు చుట్ట ఉంది, ఎడ్విన్ స్మిత్ పపైరస్ అంటారు. సుమారు 3,600 ఏళ్ళ నాటిది. అందులో ముక్కు దూలం విరిగితే నారబట్ట చుట్టలు లోపల పెట్టి ఎలా నిలబెట్టాలో రాసి ఉంది. కింది దవడ విరిగి, పైన గాయం కూడా ఉంటే, ఇది వైద్యం చేయదగినది కాదు అని చేతులెత్తేసింది. ఇప్పటికీ ముక్కు విరిగితే లోపల దూది పెడతారు చూడండి, ఆ చిట్కా అంత పాతది.

1901లో ఫ్రాన్సులో లీల్ అనే ఊళ్ళో రెనే లెఫోర్ అనే డాక్టరు 35 శవాల తలలు తీసుకుని, రకరకాలుగా దెబ్బలు కొట్టి, పై దవడ ఎక్కడెక్కడ విరుగుతుందో చూశాడు. చదవడానికి ఒళ్ళు జలదరించింది కానీ, ఆయన కనిపెట్టింది చిన్నది కాదు. మొహం ఎలా పడితే అలా విరగదు. పగుళ్ళు కొన్ని దారుల్లోనే పోతాయి. కొబ్బరికాయ కొట్టేటప్పుడు మనకి తెలుసు కదా, నడుమన సరిగ్గా తగిలితే రెండు చిప్పలవుతుంది, ఇంకోచోట తగిలితే పెచ్చులు. ఆయన పేరుతో మూడు రకాలుగా చెప్పుకునే ఆ విరుగుళ్ళ పేర్లే ఇవాళ్టికీ స్కాన్ రిపోర్టుల్లో రాస్తారు.

అంటే విరిగిన తీరును బట్టి దెబ్బ ఎటు నుంచి, ఎలా తగిలిందో కొంతవరకు చెప్పొచ్చన్నమాట. గడ్డం నేలకి కొట్టుకుంటే గడ్డం దగ్గరే కాదు, చెవుల ముందు దవడ కీళ్ళ దగ్గర రెండు వైపులా విరగొచ్చు. దీనికి ఇంగ్లీషు వాళ్ళు కాపలా సిపాయి పేరు పెట్టారు. గంటల తరబడి కవాతులో నిలబడి, స్పృహ తప్పి, చేతులు ఆన్చుకోకుండా కొయ్యలా ముందుకు పడిపోయే సిపాయిలకి అలా విరిగేదట. మామూలుగా తూలి పడేవాళ్ళు చేతులు ముందుకి పెడతారు. అరిచేతులు గీరుకుపోతాయి, మణికట్టు బెణుకుతుంది. ఇక ఎదురుగా నిలబడిన మనిషి కుడిచేత్తో కొడితే తగిలేది ఎడమ చెంపకి, ఎడమ కంటికి. లోకంలో ఎక్కువమందిది కుడిచేతి వాటమే కదా.

మా అత్తగారిది ఎడమ చెంప. అరిచేతులు గీరుకోలేదు, ఎందుకంటే రెండు చేతుల్లో మిరపకాయల చేట ఉంది. చేట సంగతి మేం ఎవరమూ డాక్టరమ్మకి చెప్పలేదు. ఇప్పుడు మీరే చెప్పండి, ఆవిడ అడగాలా వద్దా?

దెబ్బలు కాలాన్ని బట్టి మారతాయి. మొదటి ప్రపంచ యుద్ధం కందకాల్లో జరిగింది. ఒళ్ళంతా మట్టి గోతిలో, తల మాత్రం పైకి. దాంతో మొహాలు ఛిద్రమైన సైనికులు వేలల్లో తిరిగొచ్చారు. న్యూజిలాండ్‌లో పుట్టిన హెరాల్డ్ గిలీస్ అనే చెవి ముక్కు గొంతు డాక్టరు వాళ్ళకోసం 1917లో లండన్ దగ్గర సిడ్‌కప్‌లో ప్రత్యేకంగా ఆసుపత్రి నడిపాడు. అయిదు వేల మందికి పైగా సైనికులకి పదకొండు వేలకి పైగా ఆపరేషన్లు. ఇవాళ మనం ప్లాస్టిక్ సర్జరీ అనేదానికి పునాది అక్కడే బాగా పడింది. ఆ ఊళ్ళో కొన్ని బెంచీలకి నీలం రంగు వేసేవారట. ఆ బెంచీ మీద కూర్చున్న మనిషిని చూస్తే ఉలిక్కిపడొచ్చు అని ఊరివాళ్ళకి ముందే చెప్పడానికి. ఆ బెంచీల గురించి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

యుద్ధం అయ్యాక రోడ్డు వచ్చింది. 1935లో టి.ఇ. లారెన్స్, అదే లారెన్స్ ఆఫ్ అరేబియా, మోటార్‌సైకిల్ మీద నుంచి పడి ఆరు రోజులకి చనిపోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఒకడు. ఆ చావు ఆయన్ని వదల్లేదు. మోటార్‌సైకిల్ నడిపే సైనికుల తల గాయాల్ని లెక్కేసి 1941లో వ్యాసం రాశాడు, బ్రిటిష్ సైన్యం వాళ్ళ చేత హెల్మెట్ పెట్టించింది. తర్వాత కార్లు పెరిగాయి, మొహాలు అద్దాలకి కొట్టుకోవడం పెరిగింది. బ్రిటన్‌లో 1983 జనవరి 31 నుంచి ముందు సీట్లలో బెల్టు తప్పనిసరి చేశాక మొహం గాయాలు తగ్గాయి. ఒక్క పట్టీ అంత పని చేసింది. (మనవాళ్ళు పోలీసు కనిపిస్తే పెట్టుకునే ఆ సగం హెల్మెట్ ఉంది చూడండి, అది నెత్తికే కాపలా. దవడకి కాదు. మా అబ్బాయితో దీని మీద పెద్ద గొడవే అయింది, ఆ కథ ఇంకోసారి.)

మన దేశంలో చాలాకాలంగా మొహం ఎముకలు విరిగి ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో పెద్ద వాటా రోడ్డుదే, అందులోనూ బండ్లది. వచ్చేవాళ్ళు ఎక్కువగా ఇరవై, ముప్ఫై ఏళ్ళ మగపిల్లలు. అమ్మా నాన్నా ఆసుపత్రి వరండాలో కూలబడి ఉంటారు, లోపల పిల్లాడికి దవడ కడుతుంటారు.

2020 మార్చి 25న ఆ రోడ్డు ఆగిపోయింది.

దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల లెక్క కేంద్ర రవాణా శాఖ ఏటా వేస్తుంది. 2019లో 4,49,002 ప్రమాదాలు, 1,51,113 చావులు. 2020కి వేసిన నివేదికలో 3,66,138 ప్రమాదాలు, 1,31,714 చావులు. ప్రమాదాలు 18 శాతం పైగా తగ్గితే చావులు 13 శాతం కూడా తగ్గలేదు. ఖాళీ రోడ్డు మీద బండి ఎంత వేగంగా పోతుందో మా తొమ్మిది నిమిషాల ప్రయాణమే సాక్ష్యం. 2021 వచ్చేసరికి చావులు మళ్ళీ 1,53,972. అంటే మనం నేర్చుకున్నదేమీ లేదు.

ఆ నెలల్లో చాలా దేశాల్లో మొహం, దవడల సర్జన్లు తమ ఆసుపత్రుల లెక్కలు బయటపెట్టారు. చోటుని బట్టి తేడాలున్నా చాలావరకు ఒకటే మాట. వచ్చేవాళ్ళ సంఖ్య తగ్గింది. రోడ్డు వాటా తగ్గింది. ఆటల్లో తగిలే దెబ్బలు తగ్గాయి. ఇంట్లో పడిపోవడం, ఇంట్లో కొట్టుకోవడం, వీటి వాటా పెరిగింది. బారులు, క్లబ్బులు ఉన్న దేశాల్లో శనివారం రాత్రి తాగి వీధిలో కొట్టుకునేవాళ్ళు కనపడలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వాటా పెరగడం వేరు, సంఖ్య పెరగడం వేరు. చారు ఎక్కువ మరిగితే ఏమవుతుంది? ఉప్పు పెరగదు, నీళ్ళు తగ్గుతాయి, ఉప్పగా తగులుతుంది. రోడ్డు మీది దెబ్బలు తగ్గేసరికి ఎప్పుడూ ఉన్న ఇంటి దెబ్బలే పైకి తేలాయేమో. మొదట నేనూ అలాగే సరిపెట్టుకున్నాను. ఇంట్లో ఎప్పుడూ ఉండేదే కదా, కొత్తగా ఏముంది, అని. ఆ మాట అనుకున్న మరుక్షణం నాకే సిగ్గేసింది. ఎప్పుడూ ఉండేదేనా?

తర్వాత అమెరికాలో బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి వాళ్ళ అధ్యయనం చదివాను. అందులో ముఖ్యురాలు భారతీ ఖురానా అనే రేడియాలజిస్టు, పేరు చూస్తేనే మనమ్మాయని తెలుస్తుంది. స్కాన్‌లు, ఎక్స్‌రేలు చదవడమే ఆవిడ పని. 2020 మార్చి 11 నుంచి మే 3 వరకు వాళ్ళ దగ్గరికి భర్త చేతో, తోడుగా ఉండే మనిషి చేతో బాధలు పడుతున్నామని వచ్చినవాళ్ళు 62 మంది. అంతకుముందు ఏడు అవే రోజుల్లో 104 మంది. చూశారా, తగ్గారు. కానీ ఆ 62 మందిలో ఒంటి మీద దెబ్బలతో వచ్చినవాళ్ళు 26 మంది. అంతకుముందు మూడేళ్ళలో అవే రోజుల్లో, మూడేళ్ళూ కలిపితే 42. పైగా దెబ్బలు లోతుగా ఉన్నాయి. లోపలి అవయవాలు, ఎముకలు దెబ్బతినే లోతైన గాయాలు ఆ మూడేళ్ళకీ కలిపి 16 అయితే, 2020లో ఆ ఎనిమిది వారాల్లోనే 28.

తక్కువమంది వచ్చారు, ఎక్కువ విరిగి వచ్చారు.

ఎందుకో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి చెంపదెబ్బకి ఆసుపత్రికి పోయేదెవరు? మామూలు రోజుల్లో మొదటి చెంపదెబ్బకి పుట్టింటికి పోతారు, పక్కింటి పిన్నిగారి దగ్గర కూర్చుని ఏడుస్తారు, ఆఫీసులో స్నేహితురాలి భుజం మీద తల పెడతారు. ఆయన డ్యూటీకి వెళ్ళిన ఎనిమిది గంటలు ఊపిరి పీల్చుకుంటారు. లాక్‌డౌన్ అవన్నీ ఒక్కసారి మూసేసింది. బస్సు లేదు, పుట్టిల్లు లేదు, పక్కింటి తలుపు తెరుచుకోదు, ఫోను చేద్దామంటే ఆయన పక్క గదిలోనే. ఆసుపత్రికి పోతే కరోనా అంటుకుంటుందని భయం. ఇక వచ్చేది ఎప్పుడంటే, దవడ మూసుకోనప్పుడు, చూపు రెండుగా కనిపించినప్పుడు.

మన దగ్గర జాతీయ మహిళా కమిషన్‌కి ఆ రోజుల్లో పోస్టులో ఉత్తరాలు రావడం ఆగిపోయింది, పోస్టే నడవడం లేదు కాబట్టి. ఏప్రిల్ 10న వాట్సాప్ నంబరు పెట్టారు. మార్చి 25 నుంచి మే 31 వరకు గృహహింస మీద 1,477 ఫిర్యాదులు వచ్చాయి. అంతకుముందు పదేళ్ళలో ఏ మార్చి, మే నెలల మధ్యా అన్ని రాలేదని పత్రికలు రాశాయి. నూటనలభై కోట్ల దేశంలో 1,477 అంటే ఎంత అని మీరనొచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హింస పడ్డామని చెప్పిన ఆడవాళ్ళలో నూటికి 14 మందే ఎవరినైనా సాయం అడిగామన్నారు. 77 మంది సాయం అడగలేదు సరికదా, ఎవరికీ చెప్పను కూడా చెప్పలేదు. సర్వే వాళ్ళు అడిగితే చెప్పారు. అడిగారు కాబట్టి చెప్పారు.

మందు సంగతి కూడా చెప్పాలి. లాక్‌డౌన్ మొదట్లో నలభై రోజులు షాపులు లేవు. మే 4న తెరిచిన రోజు ఆంధ్రాలో క్యూలు మీరూ టీవీలో చూసే ఉంటారు. ధర 25 శాతం పెంచి, మర్నాడు ఇంకో 50 పెంచినా ఆ వరసలు తరగలేదు. దక్షిణాఫ్రికాలో ఇది ఇంకా స్పష్టంగా కనపడింది. అక్కడ మార్చి 27 నుంచి మందు అమ్మకం మొత్తం ఆపేశారు, ఆసుపత్రుల్లో దెబ్బల వార్డులు ఖాళీ అయ్యాయి. జూన్ 1న అమ్మకాలు మొదలవగానే వార్డులు నిండిపోయి, జూలై 12న మళ్ళీ నిషేధం పెట్టాల్సి వచ్చింది. కరోనా రోగులకి మంచాలు కావాలి, దెబ్బలు తగిలినవాళ్ళతో మంచాలు నిండుతున్నాయి, అదీ వాళ్ళ బాధ.

ఈ సంగతి మనవాళ్ళకి పరిశోధనలు లేకుండానే తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించి ముప్ఫై ఏళ్ళు దాటింది. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ, తాగుడు గురించిన పాఠం చదివి, ఇది మన కథే కదా అని లేచారు. వర్ధినేని రోశమ్మ పేరు మా తరంలో వినని వాళ్ళు లేరు. 1993లో సారా పోయింది, 1995లో ఎన్టీఆర్ మొత్తం మందే నిషేధించారు, 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఆ ఉద్యమాన్ని డబ్బు లెక్కతోనే చూశారు చాలామంది, కూలి డబ్బులు సారాకి పోతున్నాయని. అది నిజమే. కానీ మా అమ్మ అప్పుడు అన్న మాట వేరు. "డబ్బు పోతే పోయిందే, మొహం పగలకుండా తెల్లారితే చాలనే కదా వాళ్ళ గోల" అంది.

ఇక వైద్యం. కరోనాలో అందరికంటే భయపడాల్సిన డాక్టర్లు కొవిడ్ వార్డులో వాళ్ళే అనుకుంటాం. ముక్కు, నోరు దగ్గర పనిచేసేవాళ్ళు కూడా అంతే. వైరస్ ఉండే చోటే వాళ్ళ పని. విరిగిన దవడకి చిన్న చిన్న లోహపు ప్లేట్లు పెట్టి స్క్రూలు బిగించాలంటే డ్రిల్లు వాడాలి, డ్రిల్లు తిరిగితే నీళ్ళూ నెత్తురూ తుంపర్లుగా గాల్లోకి లేస్తాయి. అందుకని 2020లో సర్జన్ల సంఘాలు ఇచ్చిన సలహా ఏమిటంటే, వీలైతే ఆపరేషన్ వాయిదా వేయండి, కోయకుండా కుదిరితే అలాగే సరిచేయండి, డ్రిల్లు అక్కర్లేని స్క్రూలు వాడండి.

కోయకుండా సరిచేయడమంటే పై పళ్ళనీ కింది పళ్ళనీ తీగలతో కలిపి కట్టేయడం. అమెరికాలో థామస్ గిల్మర్ అనే ఆయన 1887లో చెప్పిన పద్ధతి. చిన్న ప్లేట్ల పద్ధతి 1970ల్లో ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్ డాక్టర్లు పక్కాగా స్థిరపరిచాక, నోరు కట్టేయడం చాలావరకు తగ్గింది. మహమ్మారి వచ్చి దాన్ని మళ్ళీ ముందుకు తెచ్చింది. నాలుగు నుంచి ఆరు వారాలు నోరు తెరుచుకోదు. గంజి, రాగిజావ, మజ్జిగ, పలచగా చేసిన పప్పుకట్టు, అన్నీ స్ట్రాతోనే. వాంతి వస్తే ఊపిరాడదు కాబట్టి తీగ కత్తిరించే కటకట ఒకటి ఎప్పుడూ పక్కన పెట్టుకోమంటారు.

ఇది చదివినప్పుడు నాకొక దృశ్యం కళ్ళముందు నుంచి పోలేదు. కొట్టిన మనిషి, దెబ్బ తిన్న మనిషి ఒకే ఇంట్లో. బయటికి పోవడానికి లేదు. ఆమె నోరు తీగలతో కట్టి ఉంది. ఆ జావ కాచి ఇచ్చేది ఎవరు? ఆ తీగ కత్తిరించేది ఎవరి చేతిలో ఉంటుంది?

ముక్కు విరిగినవాళ్ళది ఇంకో కష్టం. ముక్కు దూలాన్ని వారం, పది రోజుల్లో సరిచేయాలి. రెండు వారాలు దాటితే వంకరగానే అతుక్కుంటుంది. భయపడి ఆలస్యంగా వచ్చినవాళ్ళు, కరోనా పరీక్ష ఫలితం కోసం ఆగినవాళ్ళు, బండి దొరకనివాళ్ళు, ఆ ముక్కుతోనే ఉండిపోయారు. ఊపిరి ఒకవైపే ఆడుతుంది. అద్దంలో చూసుకున్నప్పుడల్లా 2020 కనపడుతుంది.

మాస్కు గురించి అందరూ ఏవేవో రాశారు. నాకు తట్టింది ఒకటే. మాస్కు దవడని దాస్తుంది, ముక్కుని దాస్తుంది, పగిలిన పెదవిని దాస్తుంది. కళ్ళు మాత్రమే దాచలేదు, దానికి నల్లకళ్ళద్దాలున్నాయి. స్పెయిన్‌లో కానరీ దీవుల్లో ఈ మాస్కునే తిప్పి వాడారు. మందుల షాపుకి వెళ్ళి "మాస్కు 19 కావాలి" అంటే, నన్ను ఇంట్లో హింసిస్తున్నారు, పోలీసుల్ని పిలవండి, అని అర్థం. మందుల షాపులు లాక్‌డౌన్‌లోనూ తెరిచే ఉంటాయి, ఆడదాన్ని ఒంటరిగా పంపించేది అక్కడికే. ఫ్రాన్సుతో సహా ఇంకొన్ని దేశాలు దీన్ని అందుకున్నాయి. ఎవరికి తట్టిందో కానీ, వంటింటి తెలివిలా అనిపించింది నాకు.

మూడు వారాలకి అత్తగారిని మళ్ళీ చూపించడానికి వెళ్ళాం. వరండాలో గీసిన గుండ్రాల్లో దూరం దూరంగా కుర్చీలు. ఒక అమ్మాయి కూర్చుని ఉంది, పాతికేళ్ళు ఉంటాయేమో. ఎడమ కన్ను చుట్టూ నలుపు పసుపులోకి దిగుతోంది. పక్కన నిలబడ్డ అతను నర్సు అడిగిన ప్రతిదానికీ తనే జవాబు చెప్తున్నాడు. పేరు, వయసు, ఎప్పుడు తగిలింది, ఎలా తగిలింది. "బాత్రూంలో జారిపడిందండీ." ఆ అమ్మాయి నేల చూస్తోంది. ఆమె చేతులు చూశాను, గాజుల దగ్గర గీతలేమైనా ఉన్నాయా అని. మూడు వారాల చదువు కదా. చేతులు శుభ్రంగా ఉన్నాయి. దానివల్ల ఏమీ రుజువు కాదు, మా అత్తగారి చేతులూ శుభ్రంగానే ఉన్నాయి కదా. లోపలికి పిలిచినప్పుడు అతనూ లేచాడు. లోపలి నుంచి అదే గొంతు వినపడింది, "మీరు కాసేపు బయట కూర్చోండి."

అతను బయటికొచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. లోపల ఎంతసేపు మాట్లాడారో, ఏం మాట్లాడారో నాకు తెలియదు. మా వంతు వచ్చాక అత్తగారు లోపలికెళ్ళి, ఆ డాక్టరమ్మతో "మొన్న చెప్పడం మర్చిపోయానమ్మా, చేతుల్లో చేట ఉంది" అన్నారట. ఆవిడ ఫైల్లో రాసుకుందట.

ఇంతా రాశాక అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. పదిహేనేళ్ళ కిందట మేం అద్దెకున్న ఇంట్లో ఎదురు వాటాలో ఒక వదిన ఉండేది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. చేతి వంట అమృతం, దోసకాయ పప్పు నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఒకరోజు పొద్దున్నే పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని వచ్చింది. ఎడమ కన్ను ఉబ్బి ఉంది. "ఏమైంది వదినా?" అంటే "అల్మరా తలుపు తగిలిందే" అంది. "అయ్యో, చూసుకోవద్దూ" అని ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి రుమాల్లో చుట్టి ఇచ్చాను. తోడు ఇచ్చాను. ఆవిడ గుమ్మంలో కాసేపు నిలబడింది. నేను పిల్లాడి క్యారేజీ కడుతూ, "ఇంకేమన్నా కావాలా వదినా?" అన్నాను. "ఏం లేదులే" అని వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఏం జరిగేదో మధ్య గోడ ఉన్న నాకు వినపడలేదంటే నేనే నమ్మను.

జూన్‌లో నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేశాను. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. ఆయన పోయి ఆరేళ్ళయిందట. ఆవకాయ ఎన్ని కాయలు పెట్టావు, పిల్లాడేం చదువుతున్నాడు, మీ అత్తగారి చెంప ఎలా ఉంది, అన్నీ అడిగింది. నేనప్పుడు అడిగాను, ఆ అల్మరా తలుపు గురించి.

చాలాసేపు అటు నుంచి మాట లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"ఆ రోజు తోడు నా దగ్గర ఉందే" అంది. "ఊరికే వచ్చాను."